కొట్టేసిన అర్థాలు

“ఎస్, ఏ, డి. సాడ్. విశేషణం. ఒకటి, విచారంగా ఉన్న, కామా, దిగులుపడ్డ. సెమికోలన్. రెండు, విచారం కలిగించే. ఫుల్‌స్టాప్. పాత వాడుక, కోలన్, కడుపు నిండిన, కామా, తనివి తీరిన. ఫుల్‌స్టాప్. ఆఁ, పద.”

వదిన చదువుతుంటే గోడకి అవతల పుస్తకాలు కుట్టేవాళ్ళు చేతులు ఆడిస్తూనే ఒక చెవి ఇటు పారేస్తారు. గొంతు అలాంటిది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం ప్రెస్సు మూసేదాకా ఒకటే ఒరవడి, తగ్గడం లేదు, జీర రావడం లేదు. అందుకే ఆవిడకి రేడియో అని పేరు పెట్టారు. వెనకాల అనుకునే పేరు కాదు, ఎదురుగానే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. ఎదురు బల్ల దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దేది ఆవిడ తమ్ముడి భార్య. తమ్ముడు పోయాక, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందే అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ కుర్చీలో కూలేసింది ఆవిడే. ఈ మరదలికి ప్రెస్సు పెట్టిన పేరు కామా. పోయిన కామా ఎక్కడున్నా పట్టుకుంటుందని కొందరు, మనిషి కాస్త ముందుకి వంగి నడుస్తుందని కొందరు కారణం చెబుతారు. రెండూ నిజమే.

చదివే గదికి ఒక పద్ధతి ఉంది. సంపాదకుడు గారి దగ్గర్నుంచి వచ్చిన అసలు ప్రతి, దాన్ని కాపీ అంటారు, చదివే మనిషి ముందుంటుంది. అచ్చు తీసిన ప్రూఫు దిద్దే మనిషి ముందుంటుంది. చదివే మనిషి అక్షరం, చుక్క, గీత ఏదీ వదలకుండా పైకి చదవాలి. దిద్దే మనిషి వింటూ ప్రూఫులో సరిచూసుకోవాలి. అంతేగాని కాపీ వైపు తొంగి చూడకూడదు. చూస్తే కన్ను రెండింటికీ రాజీ కుదిర్చేస్తుందని, తప్పు కూడా ఒప్పులా కనబడుతుందని వదిన మొదటి రోజే చెప్పింది. చెవితో దిద్దవే, కంటితో కాదు అంది. అప్పట్నుంచీ కామాకి వదిన గొంతే కాపీ.

పని ఇంగ్లీషు నిఘంటువుది. ఇంగ్లీషు మాట, దానికి మన భాషలో అర్థాలు, చివర్న ఆ మాటని పూర్వం ఏ అర్థంలో వాడేవారో ఒక వరస. ఆ చివరి వరసంటే వదినకి ప్రాణం. అక్కడికి వచ్చేసరికి గొంతు ఒక మెట్టు దించి, ఎవరింటి గుట్టో చెబుతున్నట్టు చదువుతుంది. ఈ నిఘంటువు ఎన్నిసార్లు అచ్చయితే అన్నిసార్లూ ఆవిడ నోటి మీదుగానే వెళ్ళింది. ఇప్పుడు బడిపిల్లల కోసం కొత్త కూర్పు వేస్తున్నారు. సంపాదకుడు గారు పాత కూర్పు పేజీలని పెద్ద కాగితాల మీద అతికించి, అక్కర్లేనివి కొట్టేసి, కావలసినవి అంచుల్లో చేత్తో రాసి పంపుతున్నారు. ఆర్ అక్షరం దాకా నల్లేరు మీద బండిలా సాగింది. ఎస్ మొదలైన దగ్గర్నుంచీ కామా చేతిలో ఎర్ర పెన్సిలుకి తీరిక లేదు.

సాడ్ కింద ప్రూఫులో పాత వాడుక లేదు. కామా అక్కడ గుర్తు పెట్టి, పోయిన వరస అంచులో రాసి, నత్త మళ్ళీ ఎగరగొట్టాడు వదినా అంది. పాపం, వాడి ధ్యాస ఎక్కడుందో అంది వదిన, తల కాస్త పక్కకి వాల్చి. ఈ మధ్య ఆవిడ అలా తల వాల్చే కూర్చుంటోంది. మెడ పట్టేసిందంటే సాయంత్రాలు కామాయే నూనె రాసి మర్దనా చేస్తోంది.

నత్త అంటే కంపోజింగ్ చేసే ఆయన. నిదానం ఎక్కువ. అక్షరాన్ని నొక్కే ముందు దాని యోగక్షేమాలు కనుక్కుంటాడని అందరూ నవ్వుతారు. కానీ ఆయన చేసిన పేజీలో ఎర్ర గుర్తు పడటం గొప్ప సంగతి. అలాంటి మనిషి పేజీలు ఇప్పుడు పొక్కులు లేచిన ఒంటిలా ఉన్నాయి. కంపోజింగ్ అయిపోయిన కాపీ చదివే గదికి వచ్చేస్తుంది, మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళదు. దిద్ది పంపిన ప్రూఫులో ఏముంటే అది చేర్చడమే ఆయన పని. అలా చేరుస్తూనే ఉన్నాడు, నోరెత్తకుండా.

ఆ సాయంత్రం దిద్దిన ప్రూఫుల కట్ట మేనేజరు తిరగేశాడు. గోడ అవతల్నుంచి ఆయన గొంతు వినబడింది. అరుపులేం కాదు. ఇన్నేళ్ళ పనివాడివి, వరసలకి వరసలు మింగేస్తే ఎలా, ఒంట్లో బాగోకపోతే చెప్పు, ఇంకొకరికి ఇస్తాను అంటున్నాడు. నత్తకి నోట్లో నాలుక లేదు. కామా పెన్సిలు పెట్టెలో పెడుతూ, కోపంగా అంటే నయం, ఇంత మెత్తగా అంటే మనిషి తట్టుకోలేడు అనుకుంది. అనుకుని వదిన సంచి కూడా తనే భుజాన వేసుకుని బయల్దేరింది.

*

మర్నాడు మధ్యాహ్నం నత్త చదివే గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. ముక్కు మీద కొత్త కళ్ళజోడు. పాతది ఎప్పుడూ దారంతో కట్టుకుని ఉండేది. ఇది నల్లగా, మందంగా, ఆయన మొహానికి అరువు తెచ్చుకున్నట్టుంది.

క్షమించమని అడగడానికి వచ్చానన్నాడు. తన వల్ల వాళ్ళిద్దరికీ రెట్టింపు పని పడుతోందని, తప్పు తనదేనని, ఇంటిదానికి ఒంట్లో బాగోక నిద్రలు చెడి కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళానని చెప్పాడు. డాక్టరు పెద్ద తేడా లేదన్నాడట. అయినా ఈయనే పట్టుబట్టి అద్దాలు మార్పించుకున్నాడు.

కామాకి జాలేసింది. ఫరవాలేదు అన్నయ్యగారూ, అందరికీ వస్తాయి అంది. వదిన మాత్రం కాగితం మీద వేలు అలాగే ఉంచి అడిగింది.

“ఏ వరసలు పోతున్నాయి నాయనా?”

“చివరివే అక్కగారూ. పాత వాడుకలు. మిగతావన్నీ సరిగ్గానే ఉంటున్నాయి. అదేం చోద్యమో నాకే అర్థం కావడంలేదు. కాపీలో అక్కడ గీత గీసి ఉన్నట్టే గుర్తు నాకు. కానీ మీరు చదివాక ఇంక తిరుగేముంది. నా బుర్రే ఏదో లేని గీతలు చూస్తోంది.”

ఆయన ఇంకాసేపు నిలబడి, కళ్ళజోడు సర్దుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ పని మొదలైంది. సిల్లీ మాట దగ్గరికి వచ్చారు. మామూలు రోజైతే ఇక్కడ వదిన ఓ చమత్కారం విసిరేది. పూర్వం సిల్లీ అంటే దీవెనలు పొందినవాడట, నిన్ను ఎవరైనా సిల్లీ అంటే దణ్ణం పెట్టవే అని వెనకటి కూర్పుకి చదివినప్పుడు అంది. ఆ నవ్వు కోసమే కామా తలెత్తింది. ఎత్తకూడదు. పద్ధతి తప్పింది.

వదిన చదువుతోంది. “పాత వాడుక, కోలన్, ధన్యమైన, కామా, దీవెన పొందిన.” కానీ వేలు ఆ వరస మీద లేదు. కాగితం అంచున, ఏమీ లేని తెల్లటి చోట నడుస్తోంది. ఆవిడ మొహం కాగితానికి పక్కగా, ఎక్కడో కిటికీ చట్రం వైపు ఉంది. అతికించిన పేజీలో ఆ వరసకి అడ్డంగా సంపాదకుడు గారి లావుపాటి గీత ఉంది. దాని పైవరస మాటకీ ఉంది. పక్క మాటకీ ఉంది. కాగితం నిండా చివరి వరసలన్నీ కొట్టేసి ఉన్నాయి. అంచులో చేత్తో రాసిన కొత్త అర్థం ఒకటుంది. ఎస్‌లో అలాంటిది రావడం ఇదే మొదలు. దాన్ని వదిన చదవనే లేదు.

కామా చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది. వదిన ‘పద’ అంది. కామా తల దించుకుని, ఊఁ అంది. ఆవిడ చదవడంలేదు. ఆవిడకి కనబడటంలేదు. వెనకటి కూర్పు ఆవిడ లోపల ఉంది, దాన్ని అప్పజెబుతోంది. అచ్చులో ఉన్నది ఒప్పు. నత్త చేసింది ఒప్పు. ఆ ఒప్పులన్నిటినీ పట్టుకుని ఇన్నాళ్ళూ ఎర్ర పెన్సిలుతో తప్పులు చేసింది తన చెయ్యి.

ఇంటికి వెళ్ళేటప్పుడు దారంతా వదిన కామా మోచెయ్యి పట్టుకునే నడిచింది. అదీ కొత్త కాదు. కొన్నాళ్ళుగా పట్టుకుంటోంది. ముద్దుకి అనుకుంది కామా, చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఇంట్లో వదిన తడిబట్టలు దులిపి తీగ మీద వేస్తుంటే కామా వెనకాల నిలబడి చూసింది. చేతులు ఎక్కడా తడుముకోలేదు. తీగ ఎక్కడుందో, క్లిప్పుల డబ్బా ఎక్కడుందో ఆ చేతులకి తెలుసు. ఆవిడ పేపరు చదవడం మానేసి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకుంది. రోజూ అదే చెత్త, ఎవడు చదువుతాడే అంటే నిజమేనని నవ్వింది తను. ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే పళ్ళెంలో తిన్నంత దగ్గరగా ఉంటూ తను ఇంత గుడ్డిదానిలా ఎలా ఉందో కామాకి అర్థంకాలేదు.

చెప్పాలని నోరు తెరిచింది. “వదినా” అంది.

“ఏమే?”

“రేపు నేను చదవనా? నువ్వు దిద్దు. గొంతుకి కాస్త విశ్రాంతి.”

వదిన ఒక బట్ట దులిపింది. “నీ గొంతు వింటే కుట్టేవాళ్ళు నిద్రపోతారు. సూదులు గుచ్చుకుంటాయి పాపం” అంది. ఎప్పటి మాటే, ఎప్పటి ఎగతాళే. కానీ బట్ట మీద చేతులు ఒక్క క్షణం ఆగాయి. కామా అది చూసి కూడా చూడనట్టే లోపలికి వెళ్ళింది. ఆవిడ ముప్పొద్దులా చేసే పనే చదవడం. ఆవిడ పేరే అది. రేడియోని కట్టేస్తే ఆ చెక్కపెట్టెలో ఏం మిగులుతుంది? దాని మీట తిప్పే చెయ్యి తనది కాకూడదనుకుంది కామా.

*

దానికో ఉపాయం ఆలోచించింది. మర్నాటి నుంచీ ముందుగా ప్రెస్సుకి వచ్చేసేది. ఇంట్లో ఏం చెప్పిందంటే, ప్రూఫులు పోగుపడ్డాయి, పేజీల వరస సర్దాలి అంది. వదిన సరేలే అని ఊరుకుని, వెనకాల పక్కింటావిడ తోడుతో వచ్చేది. అప్పటికి కామా ఒక్కతే కూర్చుని, కాపీ పక్కన పెట్టుకుని, వేలితో వరస వరసా నొక్కుకుంటూ ప్రూఫంతా దిద్దేసేది. కంటితో దిద్దడం ఆమెకి అలవాటు లేదు. వదిన అన్నట్టే కన్ను జారిపోయేది, వెనక్కి వచ్చి మళ్ళీ చదివేది. నుదుటి మీద నరం పొద్దున్నే కొట్టుకోవడం మొదలెట్టేది.

తరవాత వదిన వచ్చి కూర్చుని గొంతు సవరించుకునేది. స్లై, పాత వాడుక, నేర్పు గల. స్మగ్, పాత వాడుక, శుభ్రంగా ముస్తాబైన. కొట్టేసిన అర్థాలన్నీ ఒక్కటీ పోకుండా గదిలోకి వచ్చి నిలబడేవి. కామా దిద్దేసిన ప్రూఫు ముందు పెట్టుకుని ఊఁ, పద, ఊఁ, పద అనేది. మధ్యమధ్య పెన్సిలు గాల్లో కదిలించేది. మొదటి రోజు ఒక్కో మాటకీ ఏడుపు గొంతులోకి వచ్చింది. రెండో రోజుకి రాలేదు. వదిన గొంతు అలా సాగుతుంటే తను రేపటి పేజీల సంగతో, ఇంటి సరుకుల సంగతో ఆలోచించుకునేది. మనిషి దేనికైనా అలవాటుపడుతుంది, అదే ఘోరం.

ముందు దిద్దిన పేజీల్లో అప్పటికే చేర్చేసిన వరసలున్నాయి. అవి ఎలా తియ్యాలో తెలియలేదు. అక్షరం పూర్తయ్యాక చూసుకుందాంలే అని పక్కన పెట్టింది.

అనుకున్నట్టే ఎర్ర గుర్తులు తగ్గిపోయాయి. మేనేజరు సంతోషించాడు. ఆ సంతోషమే కొంప ముంచింది. చూశావా, ఒక్క మాట అంటే తప్పులు పోయాయి, అంటే ఇన్నాళ్ళూ మనసు పెట్టలేదన్నమాట అన్నాడు నత్తతో. ఇప్పుడు సరిగ్గా చేస్తున్నాడు గనక ఇంతకుముందు చెయ్యలేదని రుజువైపోయింది. ఇలాంటి న్యాయం మీరెక్కడైనా విన్నారా? నిఘంటువు లాంటి పని నీ పరిస్థితిలో బరువు, ఇంట్లోనూ ఇబ్బందిగా ఉంది కదా అని చెప్పి, ఆయన్ని వెనక షెడ్డులో కరపత్రాలు, అమ్మకానికి ఇల్లు, తప్పిపోయిన కుక్క, అలాంటివి కంపోజ్ చేసే బల్ల దగ్గరికి మార్చాడు.

నత్త తన చిన్న గుడ్డ దిండు కుర్చీలోంచి తీసుకుని చంకలో పెట్టుకుని షెడ్డు వైపు వెళుతుంటే కామా కిటికీలోంచి చూసింది. మాట్లాడటానికి ఇదే అదను. మెట్లు దిగి నాలుగు మాటలు చెబితే చాలు. దిగలేదు. రేపు చెబుదాం, మేనేజరుతో ముందు ఒంటరిగా మాట్లాడి, వదిన పేరు రాకుండా ఏదో ఒకటి సర్ది చెబుదాం అనుకుంది. ఏం సర్దుతుంది? తన తప్పు అని చెబితే తనని తీసేస్తారు, అప్పుడు వదిన ఎదురుగా ఎవరో కొత్త మనిషి కూర్చుంటుంది, ఒక్క పూటలో అంతా బయటపడుతుంది. ఎటు తిప్పినా ఎవరో ఒకరి మెడకి చుట్టుకుంటోంది. నత్త అయితే ఏమీ అనడు. ఏమీ అనని మనిషి మెడకే చుట్టింది కామా. ఆ సంగతి ఆమెకి తెలుసు, తెలిసే అన్నం సహించలేదు.

*

ఆ వారం ఆఖరి రోజు వాన పట్టింది. గదిలో దీపం వేసుకున్నారు. కామా ముందున్న ప్రూఫు పొద్దున్నే దిద్దేసింది. మేనేజరుతో ఏమని మొదలుపెట్టాలా అని మాటలు కూడబలుక్కుంటోంది. ఎదురుగా వదిన చదువుకుపోతోంది. స్పిల్ అయింది. స్టార్వ్ అయింది.

“ఎస్, టి, ఓ, ఓ, ఎల్. స్టూల్. నామవాచకం. ఒకటి, వీపు ఆనించుకోవడానికి వీల్లేని పీట. సెమికోలన్. రెండు, నా మరదలు కూర్చున్నది, కామా, పెన్సిలు ఊరికే ఆడిస్తున్నది. ఫుల్‌స్టాప్.”

“ఊఁ, పద” అంది కామా.

వదిన ముందుకి వెళ్ళలేదు. గోడకి అవతల కుట్టేవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకి కామా తలెత్తింది. చెవి గుమ్మం దగ్గరే ఆగిపోయిన మాటలు అప్పుడు ఒక్కొక్కటీ లోపలికి వచ్చాయి.

“ఎన్నాళ్ళయిందే నువ్వు నన్ను వినడం మానేసి?” అంది వదిన.

అది కాదు వదినా, నీకోసమే అని ఏదో గొణిగింది కామా. వదిన చెయ్యెత్తి ఆపింది.

“నత్త గుమ్మంలో నిలబడి చివరి వరసలే పోతున్నాయన్నాడు చూడు, అప్పుడే నాకు తెలిసిపోయింది. సంపాదకుడు గారు కొట్టేసినవి నేను చదువుతున్నానని. ఎదురుగా చూస్తే మధ్యలో మరకే కనబడుతుంది నాకు. చుట్టూతా అంచులు తెలుస్తాయి. నీ మొహం కూడా అంతే. ఇదివరకే పక్కింటావిడతో వెళ్ళి చూపించుకుంటే, డాక్టరు చూపు ఇక రాదన్నాడు. అయినా మర్నాడు వచ్చి కూర్చున్నాను. సిగ్గులేని పనే. ఇదొక్కటీ వదులుకోలేకపోయాను.”

“నాకు చెప్పి ఉండాల్సింది వదినా.”

“నువ్వు చెప్పావా?”

కామా తల దించుకుంది. వాన రేకుల మీద పడుతోంది. వదిన కాపీ కాగితాన్ని తడిమి, దాని మూలలు బల్ల అంచుకి సరిగ్గా జరిపింది.

“ఈ నాలుగు రోజులూ నీ పెన్సిలు చప్పుడు కోసం చెవి పెడుతున్నా. కాగితానికి తగలడంలేదు. తెలుసుకుందనుకున్నా. తెలిసీ నన్ను చదవనిస్తోంది, ఎంత మంచిదీ అనుకున్నా. కనీసం వింటోందిలే అనుకున్నానే. నీ ఒక్కదానికైనా చదువుతున్నాలే అనుకున్నా. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గోడకి చదివించావు కదే నన్ను.”

ఆ గొంతు మొదటిసారి జీరపోయింది. కామా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఓదార్చలేదు. ఓదార్చే మనిషే, కానీ ఆ పూట ఆవిడ దగ్గర ఓదార్పు లేదు. ఏడుపు తగ్గేదాకా ఊరుకుని, లే, నత్త దగ్గరికి తీసుకెళ్ళు అంది.

షెడ్డులో నత్త కొత్త కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని, ఏదో అమ్మకం కరపత్రం చూసిందే చూస్తున్నాడు. ఇద్దరూ తడిసి రావడం చూసి కంగారుగా లేచాడు. వదిన కామా భుజం వదిలి, ఆయన ఉన్న వైపు తిరిగింది. ఆయన్ని కాదు, ఆయన చెవి పక్కగా చూస్తోంది.

“ఆ అద్దాలు తీసెయ్ నాయనా. నీ కళ్ళకేం రాలేదు. నీ బుర్రకీ ఏం రాలేదు. చెడినవి నా కళ్ళు. నువ్వు చూసిన గీతలు ఉన్నాయి. నువ్వు చేసిన ప్రతి పేజీ ఒప్పు.”

నత్త ఒకసారి కామా వైపు చూశాడు. కామా తలూపింది. ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. కోప్పడతాడేమో అనుకుంది కామా, కోప్పడితే బాగుండును అనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి ఆ చేతుల మధ్యనుంచే చెప్పాడు. తనకి మతి పోతోందనుకున్నాడట. ఇంటిదానికి మందులు వెయ్యడానికి భయపడి, ప్రతి పూటా పక్కింటి వాళ్ళని పిలిచి, ఇదేనా, ఈ బిళ్ళేనా అని చూపించుకున్నాకే ఆమె నోట్లో వేస్తున్నాడట. ఆమె నవ్విందట, నన్ను నమ్మవా నువ్వు అని. నిన్ను కాదే, నన్ను నేను అన్నాడట.

వదిన చెయ్యి చాపి ఆయన తల మీద పెట్టబోయింది. చెయ్యి కుర్చీ వీపుకి తగిలింది. దాన్నే పట్టుకుని నిలబడింది.

మేనేజరుకి కూడా ఆవిడే చెప్పింది, కామాని పక్కన నిలబడనివ్వలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. ఇన్నేళ్ళు చేశారు, కుట్టే గదిలో కాగితాలు మడిచే పని ఉంది, దానికి కళ్ళు అక్కర్లేదు, అక్కడ కూర్చోండి అన్నాడట. వదిన దణ్ణం పెట్టి వద్దంది. మడిచే పనికి గొంతు కూడా అక్కర్లేదు కదండీ అందట. కుట్టేవాళ్ళు ఎవరూ నవ్వలేదు. సంచి తీసుకుని గేటు దాకా వచ్చినప్పుడు రేడియో గారూ అని ఎవరో పిలిచారు. ఆవిడ పలకలేదు, వినబడలేదేమో మరి.

*

నత్త తన దిండుతో పాత కుర్చీలోకి వచ్చేశాడు. చదివే గదికి కొత్తగా ఒకామెని తీసుకున్నారు. గొంతు చిన్నది, కళ్ళు మంచివి. ఎస్ అక్షరం మొదటి పేజీ నుంచి మళ్ళీ చదవాలన్నారు.

మళ్ళీ సాడ్ వచ్చింది. కొత్తామె అర్థాలు రెండూ చదివి, ఫుల్‌స్టాప్, పద అంది. కొట్టేసినది చదవకూడదు, అదే పద్ధతి. కామా ముందున్న పేజీలో మాత్రం పాత వాడుక ఉంది. తను చేర్పించిందే. పెన్సిలు పెట్టి ఆ వరసని కొట్టేసింది. ష్రూడ్ కింద కొట్టేసింది. సిల్లీ కింద కొట్టేసింది. తప్పేమీ లేదు, పిల్లల పుస్తకానికి అవి బరువే. సంపాదకుడు గారు సరిగ్గానే ఆలోచించారు. అలా తనకి తను చెప్పుకుంటూనే ఒక్కో గీతా గీసింది. ప్రతి చోటా ఆమె చెవి ఒక మెట్టు దిగే గొంతు కోసం ఆగింది. కొత్తామె పద అనేది. ఎన్నిసార్లు చెప్పినా కామా ఒక మాట వెనకబడేది. మీకు సరిగ్గా వినబడదాండీ అని ఆ పిల్ల మర్యాదగానే అడిగింది.

ఇంట్లో వదిన మాట్లాడుతూనే ఉంది, పోట్లాట ఏమీ లేదు. అన్నం వండింది, బట్టలు ఆరేసింది, పక్కింటావిడతో నవ్వింది. ప్రెస్సు సంగతి మాత్రం అడగలేదు. ఎంతదాకా వచ్చింది అనలేదు. కామా చెప్పబోతే, పొయ్యి మీద పాలు చూడు అంది.

ఒక సాయంత్రం కామా పేపరు పట్టుకొచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంది. చదివి వినిపిస్తాను వదినా అంది. వద్దంటుందనుకుంది. వదిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, సరే చదువు అంది.

కామా మొదలుపెట్టింది. ఎక్కడో వంతెన కట్టారు, ఎక్కడో ధరలు పెరిగాయి, ఎవరో ఎవరినో తిట్టారు. గొంతు ఎత్తి, నేర్చుకున్నంతలో స్పష్టంగా చదివింది. వదిన తల పక్కకి వాల్చి, వాక్యం ముగిసిన చోటల్లా ఊఁ అంటోంది. బాగానే వింటోందని కామాకి ధైర్యం వచ్చింది. ఒక పేజీ తిప్పుతూ కళ్ళెత్తింది.

వదిన పెదాలు కదులుతున్నాయి. పైకి శబ్దం లేదు. చూపుడువేలు మోకాలి మీద ఎడమ నుంచి కుడికి నడిచి, ఆగి, మళ్ళీ ఎడమకి వస్తోంది. పెదాల మీద ఒక్కో అక్షరం విడివిడిగా పలుకుతోంది, తరవాత మాట, తరవాత అర్థాలు. ఒక చోటికి వచ్చాక గడ్డం కొద్దిగా దిగింది, ఎవరింటి గుట్టో చెబుతున్నట్టు. పేపరులో వంతెన సంగతి ఆవిడ ఒక్క ముక్క కూడా వినలేదు. వినకుండానే, కామా నొచ్చుకోకూడదని, చోటు చూసుకుని ఊఁ అంటోంది.

గోడకి చదవడమంటే ఏమిటో కామాకి అప్పుడు తెలిసింది. పేపరు దించబోయింది. దించితే ఆ పెదాలు ఆగిపోతాయి. ఆవిడ సిగ్గుపడుతుంది. మళ్ళీ ఇద్దరూ ఎదురెదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి.

కామా పేజీ సరిచేసుకుని, మధ్యలో వదిలిన వాక్యం అందుకుంది. వాతావరణం చదివింది, ఆటలు చదివింది, అద్దెకి ఇళ్ళు చదివింది. దీపాలు పెట్టే వేళయింది. పేపరు మొత్తం అయిపోయాక మొదటి పేజీకి తిప్పి మళ్ళీ వంతెన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

వదిన ఊఁ అంది.